మధుమేహ నేత్రవ్యాధిలో లేజర్: రెటీనాకు ఏం జరుగుతుంది

షుగర్‌తో దెబ్బతిన్న రెటీనాకు లేజర్ చేయడమంటే, ఆ రెటీనా అంచుల్లో కొంత భాగాన్ని డాక్టరు కావాలనే కాల్చివేయడం. నడిమి చూపు నిలబడాలని పక్కచూపులో కొంత వదులుకునే చికిత్స ఇది. శుక్లం ఆపరేషన్ అయినవాళ్లు చాలామంది కొద్ది రోజుల్లోనే గోడ మీది క్యాలెండరు చదివేస్తారు. లేజర్ తర్వాత అలాంటిదేమీ జరగదు. ఉన్న చూపు ఉన్నట్టు నిలిస్తే చికిత్స ఫలించినట్టే. ఈ సంగతి ముందుగా ఎవరూ విడమరిచి చెప్పకపోవడం వల్ల, లేజర్ చేయించుకున్నాకే చూపు తగ్గిందని బాధపడేవారు చాలామంది. వాళ్ల మాటను కొట్టిపారేయకూడదు, అందులో కొంత నిజం ఉంది. ఎంత నిజమో తేలాలంటే కాలిన చోట ఏం జరుగుతుందో చూడాలి.

జబ్బు నడక

రెటీనా కంటి వెనక గోడకు లోపలివైపున పరుచుకున్న నరాల పొర. మందం సుమారు పావు మిల్లీమీటరు. దానికి రక్తం రెండు దారుల్లో అందుతుంది. లోపలి పొరలను రెటీనా సొంత రక్తనాళాలు పోషిస్తాయి. వెలుగును పట్టే రాడ్లు, కోన్లు ఉండేది బయటి పొరలో. వాటికి ఆక్సిజన్ వెనక ఉన్న కోరాయిడ్ అనే రక్తనాళాల పొర నుంచి వస్తుంది. షుగర్ ఏళ్ల తరబడి అదుపు తప్పితే ముఖ్యంగా చెడేది మొదటి దారి. సన్నని నాళాలపై బుడిపెలు లేస్తాయి, వాటిలోంచి నీరు, కొవ్వు కారుతాయి, కొన్ని నాళాలు పూర్తిగా మూసుకుపోతాయి. ఇంత జరుగుతున్నా చాలాకాలం చూపులో తేడా తెలియదు. నొప్పి కూడా ఉండదు. అందుకే చాలామందికి ఈ జబ్బు, అంటే డయాబెటిక్ రెటినోపతి, ఆలస్యంగా బయటపడుతుంది.

ఇక్కడి నుంచి చూపు రెండు రకాలుగా పోవచ్చు. చదవడానికి, ముఖాలు పోల్చుకోవడానికి పనికొచ్చే మాక్యులాలో నీరు చేరి వాపు రావడం ఒకటి. రెండోది మరింత ప్రమాదకరం. ఆక్సిజన్ అందని రెటీనా వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను వదులుతుంది. అది కొత్త నాళాలను మొలిపిస్తుంది. సాయం కోసం పుట్టిన ఆ నాళాలు పెళుసుగా ఉండి కంటి నడుమ నిండిన విట్రియస్ జెల్లీలోకి పాకుతాయి. అవి చిట్లితే కంట్లో రక్తం దిగుతుంది. వాటి వెంట పెరిగే పీచు ముడుచుకుంటే రెటీనాను గోడ నుంచి లాగేస్తుంది. దీన్నే ప్రొలిఫరేటివ్ దశ అంటారు. రెటీనా అంతటా చేసే లేజర్ పుట్టింది ఈ దశ కోసమే.

గ్రహణం నుంచి ఆర్గాన్ దాకా

రెటీనాను వెలుగుతో కాల్చవచ్చన్న ఆలోచన లేజర్ కంటే పాతది. 1945 జూలై 9న ఐరోపాలో సూర్యగ్రహణం పట్టింది. దాన్ని ఉత్త కళ్లతో చూసి మాక్యులా కాల్చుకున్న ఒక వైద్య విద్యార్థిని జర్మన్ నేత్రవైద్యుడు గెర్డ్ మేయర్ ష్వికెరాత్ పరీక్షించాడు. అక్కడ ఏర్పడిన మచ్చ, రెటీనా చిల్లులను అతికించడానికి అప్పట్లో వాడే వేడి చికిత్స మచ్చలాగే కనిపించింది. గ్రహణం చూడొద్దని ఇళ్లలో పెద్దలు వారించే ఆ హానే ఆయనకు వైద్యానికి దారి చూపింది. మొదట అద్దాలతో సూర్యకాంతినే రోగి కంట్లోకి మళ్లించాడు. మబ్బు పట్టిన రోజు వైద్యం ఆగిపోయేది. 1950ల్లో జైస్ కంపెనీతో కలిసి జెనాన్ దీపంతో పనిచేసే యంత్రం తయారు చేయించాడు.

1960 మే 16న అమెరికాలో థియోడర్ మైమన్ తొలి లేజర్‌ను వెలిగించాడు. అది రూబీ లేజర్, దాని వెలుగు ఎరుపు. కొద్ది ఏళ్లలోనే దాన్ని రెటీనాపై ప్రయోగించారు. కానీ ఎర్ర కాంతిని రక్తం పెద్దగా పీల్చుకోదు, కాబట్టి నాళాల జబ్బుకు అది అంతగా కుదరలేదు. నీలం, ఆకుపచ్చ కాంతినిచ్చే ఆర్గాన్ లేజర్‌ను 1968లో ఫ్రాన్సిస్ లెస్పెరాన్స్ కంటి వైద్యంలోకి తెచ్చాక పరిస్థితి మారింది. నీలి కాంతికి ఒక ఇబ్బంది ఉంది. మాక్యులాలో సహజంగా ఉండే పసుపు రంగు ద్రవ్యం దాన్ని పీల్చుకుని తానూ వేడెక్కుతుంది. రోజూ ఆ యంత్రం ముందు కూర్చునే డాక్టర్లకే నీలం, పసుపు ఛాయలను వేరుచేసే శక్తి కొంత తగ్గిందని ఒక పరిశీలనలో తేలింది. ఇప్పుడు ఆసుపత్రుల్లో ఎక్కువగా కనిపించేవి 532 నానోమీటర్ల ఆకుపచ్చ, 577 నానోమీటర్ల పసుపు లేజర్లు.

కాలిన చోట

ఆకుపచ్చ కాంతి పారదర్శకమైన రెటీనా లోపలి పొరలను దాటి వెనక ఉన్న పిగ్మెంట్ ఎపిథీలియం దాకా వెళ్తుంది. ఆ పొరలోని మెలనిన్ వెలుగును పీల్చుకుంటుంది. సెకనులో పదో వంతు కాలంలో అక్కడ పుట్టిన వేడి పక్కనే ఉన్న రాడ్లను, కోన్లను ఉడికించేస్తుంది. డాక్టరుకు వెంటనే బూడిద తెలుపు చుక్క కనిపిస్తుంది. కొన్ని వారాల్లో అది నల్లని అంచున్న పాలిపోయిన మచ్చగా స్థిరపడుతుంది. తగిన మోతాదులో చేస్తే లోపలి నరాల పొర చాలావరకు మిగులుతుంది. శక్తి మితిమీరితే ఆ పొరా కాలుతుంది, అప్పుడు మచ్చకు అవతల ఉన్న ఆరోగ్యకరమైన రెటీనా నుంచి వచ్చే సంకేతాలు కూడా తెగిపోతాయి.

వెలుగును పట్టే కణాలను చంపితే కొత్త నాళాలు ఎందుకు ఎండిపోవాలి? మొదట్లో చికిత్స ఫలిస్తోందని తెలుసుగానీ కారణం తెలియదు. శరీరంలో ఆక్సిజన్‌ను విపరీతంగా వాడుకునే కణాల్లో రాడ్లు ఉన్నాయి. చీకట్లో వాటి వాడకం ఇంకా పెరుగుతుంది. బోరులో నీళ్లు తగ్గినప్పుడు రైతు మడిలో సగం ఎండగట్టి మిగతా సగానికి తడి పెట్టడం హైదరాబాదుకు ఉత్తరాన మేడ్చల్ వైపు పల్లెల్లో తెలిసిన సంగతే. లేజర్ చేసేదీ అదే లెక్క. కాలిన చోట వాడకందారులు లేరు. కోరాయిడ్ నుంచి వచ్చే ఆక్సిజన్ ఆ కిటికీల్లోంచి రెటీనా లోపలి పొరలకు చేరుతుంది. ఈ వివరణను ఐస్‌లాండ్‌కు చెందిన ఐనార్ స్టెఫాన్సన్ వంటివారు జంతువుల్లోను, మనుషుల్లోను ఆక్సిజన్ కొలిచి బలపరిచారు. 1994లో లాయిడ్ ఐయెల్లో బృందం కంట్లోని ద్రవాల్లో వీఈజీఎఫ్‌ను కొలిచింది. లేజర్ ఫలించిన కళ్లలో అది సగటున 75 శాతం తగ్గినట్టు ప్రచురించింది.

ఎంత భాగం కాలుతుందో అంచనా వేయడం కష్టం కాదు. ప్రామాణిక పద్ధతిలో అర మిల్లీమీటరు వెడల్పున్న చుక్కలు 1200 నుంచి 1600 దాకా పెడతారు. 1500 చుక్కలంటే సుమారు 295 చదరపు మిల్లీమీటర్లు. రెటీనా మొత్తం వైశాల్యం దాదాపు 1100 చదరపు మిల్లీమీటర్లు. అంటే పావు వంతుకు పైగా. మాక్యులాను, కంటి నరం మొదలయ్యే చోటును వదిలి ఈ చుక్కలన్నీ చుట్టూరా పడతాయి. సాధారణంగా ఒకటికి మించి సిట్టింగులలో చేస్తారు.

డీఆర్ఎస్ చెప్పిన లెక్క

1970ల మొదట్లో అమెరికాలో డయాబెటిక్ రెటినోపతి స్టడీ (డీఆర్ఎస్) మొదలయ్యే నాటికి ఈ చికిత్స మేలా కీడా అన్నది వైద్యుల మధ్య వాదనగానే ఉండేది. 1700 మందికి పైగా రోగులను తీసుకుని, ఒక్కొక్కరికి ఒక కంటికే లేజర్ లేదా జెనాన్ చికిత్స చేసి, రెండో కన్నును అలాగే వదిలేశారు. ఏ కంటికి చేయాలన్నది చీటీల పద్ధతిలో తేల్చారు. ఒకే మనిషి, అదే షుగర్, అదే రక్తపోటు. ఇంతకంటే నికరమైన పోలిక దొరకడం అరుదు. రెండేళ్లకు తీవ్రమైన చూపు నష్టం చికిత్స లేని కళ్లలో 16 శాతం దగ్గర ఉంటే, చేసిన కళ్లలో 6.4 శాతం. కొత్త నాళాలు ముదిరి ప్రమాద సూచనలు కనిపించిన కళ్లలో ఈ తేడా ఇంకా పెద్దది: 26 శాతానికి 11 శాతం. 1976లో ఈ ఫలితం బయటికి రాగానే అధ్యయనం నియమాలు మార్చి, ప్రమాదంలో ఉన్న రెండో కంటికీ చికిత్సను అనుమతించారు.

ఆ అధ్యయనమే నష్టాన్నీ రాసిపెట్టింది. ఆర్గాన్ చేసిన కళ్లలో పదింట ఒకదానికి అటూ ఇటూగా చికిత్స వల్లే అక్షరాల పట్టిక మీద కనీసం ఒక వరుస చూపు తగ్గింది. జెనాన్ చేసినవాటిలో ఆ నష్టం ఎక్కువ, పక్కచూపు కుంచించుకుపోవడం మరీ ఎక్కువ. జెనాన్ మూలపడటానికి కారణాల్లో ఇదొకటి.

ఏం పోతుంది

అంచుల్లో కాలిన రాడ్లు తిరిగి రావు. రాత్రి చూపుకు ఆధారం అవే కాబట్టి మసక వెలుతురులో కష్టం మొదలవుతుంది. ఎండలోంచి ఇంట్లోకి వచ్చినప్పుడు కళ్లు సర్దుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది. పక్కనుంచి వచ్చే బండి ఆలస్యంగా కంటపడుతుంది. రంగుల తేడా, లేత ఛాయల తేడా కొంత తగ్గవచ్చు. హైదరాబాదు ఉత్తరపు అంచున గండిమైసమ్మ కూడలి నుంచి బౌరంపేట్ వైపు చీకటి పడ్డాక లారీల మధ్య బండి మీద వెళ్లేవారికి ఇది చిన్న ఇబ్బంది కాదు. బ్రిటన్‌లో రెండు కళ్లకూ లేజర్ అయినవారు డ్రైవింగ్ లైసెన్సు అధికారులకు ఆ సంగతి తెలియజేసి, పక్కచూపు పరీక్షలో నెగ్గాలి. మన దగ్గర లేజర్ అయ్యాక రాత్రిపూట బండి నడపగలరో లేదో అడిగే డాక్టరు దొరికితే అదృష్టమే.

చికిత్స చేసేటప్పుడు చాలామందికి పెద్దగా నొప్పి ఉండదు. కానీ కంటికి అటూ ఇటూ నడిమి గీత వెంట పొడవాటి సిలియరీ నరాలు వెళ్తాయి. చుక్క వాటి మీద పడితే సూదితో పొడిచినట్టు ఉంటుంది. ఆ నరాలు వేడికి దెబ్బతింటే కంటిపాప కొంత పెద్దదిగా ఉండిపోవచ్చు, దగ్గరి వస్తువులపై చూపు నిలపడం కష్టం కావచ్చు. నలభై దాటనివారికి ఇది మరీ ఇబ్బంది.

అంచుల్లో చేసిన లేజర్ మధ్యలోని మాక్యులాకు వాపు తెచ్చిపెట్టవచ్చు, ముందే వాపు ఉంటే పెంచవచ్చు. చూపు తగ్గిందన్న ఫిర్యాదుకు అసలు మూలం చాలాసార్లు ఇదే. వాపు చాలామందిలో కొన్ని వారాల్లో దిగుతుంది, కొందరిలో మిగిలిపోతుంది. ఒకే రోజు ఎక్కువ చుక్కలు పెడితే వాపుతో పాటు రెటీనా కింద నీరు చేరే అవకాశమూ పెరుగుతుంది. అందుకే మాక్యులా వాపు ఉన్న కంటికి ముందు దాన్ని తగ్గించి, తర్వాత అంచుల జోలికి వెళ్లడం ఇప్పటి ఆచారం. మరో విచిత్రం ఉంది. లేజర్ బాగా పనిచేసి కొత్త నాళాలు ముడుచుకునేటప్పుడే వాటి పీచు విట్రియస్‌ను లాగి రక్తం దిగవచ్చు. రోగికి మాత్రం నిన్నటిదాకా ఉన్న చూపు లేజర్ తర్వాత నల్లటి తెర వెనక్కి పోయిందనే అనిపిస్తుంది. నాళాలు ఎండిపోవడానికి వారాలు, నెలలు పడుతుంది. ఈ లోపు అవి చిట్లే ప్రమాదం లేజర్ చేసినా, చేయకపోయినా ఉంటుంది.

డాక్టరు చేయి తప్పి మాక్యులా నడుమనున్న ఫోవియా మీద చుక్క పడితే చదివే చూపు శాశ్వతంగా పోతుంది. ఇది అరుదు. మచ్చలు ఏళ్లు గడిచేకొద్దీ అంచులు పాకి పెద్దవి కావడం అంత అరుదు కాదు, ముఖ్యంగా మాక్యులాకు దగ్గరగా పెట్టినవి.

మాక్యులా దగ్గర చేసే లేజర్ వేరు

అంచుల లేజర్‌కు, మాక్యులా లేజర్‌కు యంత్రం ఒకటే అయినా పని వేరు. ఇక్కడ చుక్కలు 50 నుంచి 100 మైక్రాన్ల వెడల్పు, శక్తి తక్కువ. నీరు కారుతున్న బుడిపెల మీదే పెడతారు, లేదా వాపు ఉన్న మేర పల్చగా గడి గడిగా పరుస్తారు. 1985లో వెలువడిన ఈటీడీఆర్ఎస్ అనే మరో అధ్యయనం ఫలితాల ప్రకారం మూడేళ్లలో చెప్పుకోదగ్గ చూపు నష్టం 24 శాతం నుంచి 12 శాతానికి తగ్గింది. చూపు గణనీయంగా మెరుగుపడినవారు మాత్రం కొద్దిమందే. అదే అధ్యయనంలో ఆస్పిరిన్ వల్ల రెటినోపతికి మేలూ లేదు, కీడూ లేదని తేలింది. గుండె కోసం ఆస్పిరిన్ వేసుకునే షుగర్ రోగులు కంటి భయంతో దాన్ని మానేయనక్కర్లేదు.

తర్వాతి కాలంలో కాల్పు గుర్తే కనిపించనంత తక్కువ వేడితో, చిన్న చిన్న తుంపులుగా కాంతిని వదిలే మైక్రోపల్స్ పద్ధతి వచ్చింది. 2006 ప్రాంతంలో వచ్చిన పాస్కల్ యంత్రం ఒక్క నొక్కుతో చుక్కల గుంపును వరుసగా పెడుతుంది. ఒక్కో చుక్కకు 20 మిల్లీసెకన్లే కావడంతో నొప్పి, పక్క కణాలకు పాకే వేడి తగ్గాయి. జంతువుల్లో ఇలాంటి చిన్న మచ్చల్లోకి పక్కనున్న కాంతిగ్రాహక కణాలు జరిగి ఖాళీని కొంత పూడ్చినట్టు కనిపించింది. అయితే మచ్చ చిన్నదైతే కిటికీ కూడా చిన్నదే. ముదిరిన జబ్బులో అదే ఫలితానికి మరిన్ని చుక్కలు పెట్టాల్సి వస్తుంది. నష్టం తగ్గించుకుంటే లాభమూ కొంత తగ్గే ఈ బేరం ఇంకా తెగలేదు.

ఇంజెక్షన్ వచ్చాక

వీఈజీఎఫ్‌ను అడ్డుకునే మందులు కంట్లోకి ఎక్కించడం మొదలయ్యాక మాక్యులా వాపుకు లేజర్ మొదటి స్థానం కోల్పోయింది. ఆ మందులు చూపును పెంచగలవు. మాక్యులా లేజర్ చాలావరకు ఉన్నదాన్ని నిలబెట్టడంతోనే సరిపెట్టుకుంది. ప్రొలిఫరేటివ్ దశలో మాత్రం పోటీ ఇంకా నడుస్తోంది. 2015లో ప్రచురించిన ప్రొటోకాల్ ఎస్ అధ్యయనంలో 394 కళ్లకు లేజర్ గానీ, వీఈజీఎఫ్‌ను అడ్డుకునే రానిబిజుమాబ్ ఇంజెక్షన్ గానీ ఇచ్చి చూశారు. రెండేళ్లకు నడిమి చూపులో ఇంజెక్షన్ ఏమాత్రం వెనకబడలేదు. పక్కచూపు నష్టం లేజర్ కళ్లలో ఎన్నో రెట్లు ఎక్కువ. విట్రియస్‌ను తీసేసే విట్రెక్టమీ ఆపరేషన్ అవసరమైనవి ఇంజెక్షన్ వైపు 4 శాతం, లేజర్ వైపు 15 శాతం.

ఈ అంకెలు చూస్తే లేజర్‌కు కాలం చెల్లిందనే అనిపిస్తుంది. కానీ అధ్యయనంలో చేరిన రోగి చెప్పిన తేదీకి వస్తాడు. బయటి రోగి రాడు. పిల్ల పెళ్లి, పొలం పని, డయాలసిస్, డబ్బు లేకపోవడం, తోడు వచ్చేవారు లేకపోవడం, కారణం ఏదైనా కావచ్చు. ఇంజెక్షన్ ప్రభావం కొన్ని వారాలకే దిగిపోతుంది, ఆగిన నాళాలు మళ్లీ మొలుస్తాయి. 2019లో అమెరికాలో ఒబేద్ బృందం మధ్యలో ఆరు నెలలకు పైగా కనబడకుండా పోయి తిరిగి వచ్చిన రోగులను పరిశీలించింది. ఇంజెక్షన్ మాత్రమే తీసుకున్నవారి కళ్లు లేజర్ అయినవారి కళ్ల కంటే అధ్వానంగా ఉన్నాయి, రెటీనా లాగుడు పడి ఊడినవీ వాటిలోనే ఎక్కువ. కాలిన మచ్చ రోగి రాకపోయినా తన పని తాను చేస్తుంది. తెలుగు రాష్ట్రాల పరిస్థితికి ఏది తగునన్న ప్రశ్నకు జవాబు మందు బలంలో కంటే ఈ ఒక్క లక్షణంలోనే ఎక్కువ ఉందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. అందుకే చాలామంది డాక్టర్లు రెండూ కలుపుతారు: ముందు ఇంజెక్షన్‌తో వాపు, నాళాలు తగ్గించి, వెనకే లేజర్ పూర్తిచేస్తారు.

హైదరాబాదు, దాని ఉత్తరపు అంచు

భారతదేశంలో షుగర్ ఉన్నవారు 10 కోట్లు దాటారని ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం 2023లో ప్రకటించింది. 2022లో వచ్చిన స్మార్ట్ ఇండియా సర్వే ప్రకారం నలభై దాటిన షుగర్ రోగుల్లో 12.5 శాతానికి రెటినోపతి, 4 శాతానికి చూపు పోగొట్టే స్థాయిలో జబ్బు ఉన్నాయి. అంతకు చాలా ముందే, 1990ల చివర్లో ఆంధ్రప్రదేశ్ ఐ డిసీజ్ స్టడీలో భాగంగా హైదరాబాదులో ఇంటింటికీ తిరిగి పరీక్షించినప్పుడు, తమకు షుగర్ ఉందని చెప్పినవారిలో దాదాపు 22 శాతానికి రెటినోపతి కనిపించింది. ఎక్కువమందిలో అది తొలి దశలోనే ఉంది. ఆ సర్వే చేసింది గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ. 1987లో పని మొదలుపెట్టిన ఆ సంస్థ, మెహదీపట్నంలోని ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి నగరంలో రెటీనా వైద్యానికి పెద్ద దిక్కులు. షుగర్ క్లినిక్కుల్లోనే కంటి ఫొటో తీసి రెటినోపతిని పట్టే ప్రయత్నాలకు హైదరాబాదులోని భారత ప్రజారోగ్య సంస్థ క్వీన్ ఎలిజబెత్ డైమండ్ జూబిలీ ట్రస్ట్ సాయంతో దేశవ్యాప్తంగా దారి వేసింది.

బౌరంపేట్ ఒకప్పుడు రంగారెడ్డి జిల్లా కుత్బుల్లాపూర్ మండలంలోని పల్లె. 2016లో మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలోకి, 2018లో దుండిగల్ పురపాలికలోకి వచ్చింది. ఔటర్ రింగు రోడ్డు పక్కన విల్లాలు లేచాయి. పాత ఊరి రైతులు, జీడిమెట్ల, బాచుపల్లి ఫ్యాక్టరీల కార్మికులు, కొత్త కాలనీల ఉద్యోగులు ఒకే చోట కలిసి ఉంటున్నారు. రక్తంలో షుగర్ చూసే ల్యాబు ఇప్పుడు ఇలాంటి ప్రతి కూడలిలోనూ ఉంది. రెటీనా లేజర్ అలా దొరకదు. సూరారం, ఘనపూర్‌లలో వైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నా, సరోజినీదేవికి వెళ్లాలంటే ఇరవై కిలోమీటర్లకు పైగా ప్రయాణం. కంటిపాప పెద్దది కావడానికి చుక్కల మందు వేస్తే గంటల తరబడి మసక ఉంటుంది, సొంత బండి మీద తిరిగి రావడం కుదరదు. తోడు ఒకరు రావాలి. అంటే ఇద్దరి కూలి పోతుంది. నెలనెలా ఇంజెక్షన్ అంటే ఆ ఖర్చు నెలనెలా. రెండు మూడు సిట్టింగుల్లో ముగిసే లేజర్ మీద చాలా ఇళ్లు మొగ్గు చూపడానికి కారణం ఇదే తప్ప కొత్త వైద్యం మీద అపనమ్మకం కాదు.

ఈ కథలో బాచుపల్లికి ఇంకో చోటు ఉంది. అక్కడ డాక్టర్ రెడ్డీస్ సంస్థకు బయాలజిక్స్ కేంద్రం ఉంది. ఆ సంస్థ 2019లో వీఈజీఎఫ్‌ను అడ్డుకునే బెవాసిజుమాబ్ అనే మందుకు తన సొంత రూపాన్ని క్యాన్సర్ చికిత్స కోసం దేశీయ మార్కెట్లోకి తెచ్చింది. క్యాన్సర్ కోసం పుట్టిన ఈ మందునే చిన్న మోతాదుల్లో కంట్లోకి ఎక్కించడం ప్రపంచమంతటా డాక్టర్లకు అలవాటైంది, ధర తక్కువ కాబట్టి.

తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో ప్రారంభించిన కంటి వెలుగు పథకం ఊరూరా కళ్లు పరీక్షించింది. 2023 జనవరిలో రెండో విడత మొదలైంది. అది ప్రధానంగా కళ్లద్దాల పథకం. పట్టికలోని అక్షరాలు చదవగలిగినవాడి రెటీనాలో కొత్త నాళాలు ఉండవచ్చు, అద్దాల పరీక్షలో అవి దొరకవు. కంటిపాప పెద్దది చేసో, రెటీనా కెమెరాతోనో ఏడాదికోసారి చూడటం వేరే పని. టైప్ 2 షుగర్ అయితే జబ్బు తెలిసిన రోజునే మొదటి పరీక్ష కావాలి, ఎందుకంటే అప్పటికే అది ఒంట్లో కొన్నేళ్లుగా ఉండి ఉంటుంది. గర్భిణులకు ఇంకా తరచుగా చూడాలి.

లేజర్ అవసరమే కొలబద్దగా

లేజర్ అయిన కంటిని మళ్లీ చూడక్కర్లేదన్నది ప్రమాదకరమైన అపోహ. కొత్త నాళాలు తిరిగి మొలిస్తే మచ్చల మధ్య ఖాళీల్లో మరికొన్ని చుక్కలు పెడతారు. కంట్లో దిగిన రక్తం కరగకపోతే, రెటీనా లాగుడు పడితే విట్రెక్టమీ చేసి, ఆపరేషన్ బల్ల మీదే కంటి లోపలి నుంచి లేజర్ పూర్తిచేస్తారు. శుక్లం ఆపరేషన్‌కు ముందు రెటినోపతిని అదుపులోకి తెచ్చుకోవడం మంచిది, ఆ తర్వాత మాక్యులా వాపు పెరిగే అవకాశం ఉంది కాబట్టి.

రెటినోపతిని నెమ్మదింపజేసే మందుల పరిశోధనల్లో లేజర్ అవసరం పడిందా లేదా అన్నదే ఫలితాన్ని కొలిచే గీతల్లో ఒకటైంది. బ్రిటన్‌లో జరిగి 1998లో ఫలితాలు వెలువడిన యూకేపీడీఎస్ అనే షుగర్ అధ్యయనంలో రక్తపోటును గట్టిగా అదుపుచేసిన వర్గంలో రెటినోపతి ముదరడం 34 శాతం తగ్గింది. ట్రైగ్లిజరైడ్ల కోసం వాడే ఫెనోఫైబ్రేట్ వేసుకున్నవారికి తొలిసారి లేజర్ అవసరం పడటం 31 శాతం తక్కువని ఫీల్డ్ అధ్యయనం 2007లో తేల్చింది: వేసుకోనివారిలో 4.9 శాతం, వేసుకున్నవారిలో 3.4 శాతం. అది బజారులో ఏ మందుల షాపులోనైనా దొరికే పాత మాత్ర. కిడ్నీ పనితీరు చూడకుండా దాన్ని సొంతంగా మొదలుపెట్టకూడదు.